నోటికి రాని పేరు

జీవమ్మ అబద్ధం చెప్పదు. నంద్యాల చర్చి పేటలో ఎవరినడిగినా ముందు ఈ మాటే చెప్పేవాళ్లు, ఆ తర్వాత మొహం చిట్లించేవాళ్లు. ఎందుకు చిట్లించరు? కొత్త చీర కట్టుకుని ఎట్లుందని అడిగితే "నీ రంగుకు పనికిరాదు" అనేది. పిల్లవాడు పాట పాడితే "గొంతు లేదు, వదిలెయ్యమను" అనేది. ఇట్లాంటి మనిషికి స్నేహితులు యాడినుంచి వస్తారు చెప్పండి! అయినా ఆదివారం చర్చిలో ప్రభు భోజనానికి, పాదిరి చేతి రొట్టె కోసం, వరసలో ముందు నిలబడేది ఆమే. నోట్లో అబద్ధం పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదని ఆమె పట్టుదల. ఆమెకు పొలం లేదు, పిల్లలు లేరు, మొగుడుండీ లేడు. ఆ శుభ్రమైన నోరొక్కటే ఆమె ఆస్తి.

మొగుడి సంగతి కూడా చెప్పేస్తాను. పేరు యోబు. డోన్ జంక్షన్లో రైలు పట్టాల మీద పని. అక్కడ ఇంకొకామెతో కాపురం పెట్టాడు. ఆ కబురు మోసుకొచ్చిన పొరుగింటామె గుట్టుగా చెప్పిందా? లేదు, నలుగురు ఆడవాళ్లు నీళ్లు పట్టుకునే చోట గట్టిగా చెప్పింది. జీవమ్మ ఊరుకునే రకమా! రైలెక్కి డోన్ పోయి, ప్లాట్‌ఫారం మీద తోటి పనివాళ్లందరి ముందూ యోబును దులిపేసి వచ్చింది. ఆ సిగ్గుకు అతను మళ్లీ నంద్యాల మొహం చూడలేదు. "ఆ పొరుగింటి ముండ నోరు మూసుకునింటే ఆ మనిషి నాలుగు దినాలకు తిరిగొచ్చి మూలన పడుండేటోడు. సంసారం చెడేది చేసిన పనితో కాదు, చెప్పిన నోటితో" అనేది జీవమ్మ. ఇందులో నిజమెంతో నాకు తెలియదు. ఆమె మాత్రం అదే నమ్మింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఊరి బయట మామిడితోటలోని పాత బంగళాలో ఒక దొర, దొరసాని దిగారు. దొర పేరు హ్యూ, బొమ్మలు గీసేవాడు. దొరసాని సిల్వియా. ఎక్కడో ఇటలీలో కొన్నాళ్లు, ఇంకెక్కడో కొన్నాళ్లు ఉండి, నల్లమల కొండల రంగు బాగుందని ఇక్కడికొచ్చారట. కొండల రంగు కోసం ఊరు మారేవాళ్లను అంతవరకూ మనవాళ్లు చూడలేదు. దొర గడ్డం పెంచి, పంచె కట్టి, ఆ పంచెకే కుంచెలు తుడిచేవాడు. దొరసాని చెప్పుల్లేకుండా బజారుకొచ్చేది, బీడీ కాల్చేది. అన్నిటికన్నా చర్చి పేటకు మింగుడుపడనిది వాళ్లు గుడికి రాకపోవడం. తెల్లతోలున్న ప్రతివాడూ ఆదివారం గుడికి వస్తాడని నమ్మిన ఊరు మరి.

పాత మిషన్ దొరసాని దగ్గర రొట్టెలు, కట్లెట్లు చేయడం నేర్చిన చెయ్యి గనక జీవమ్మకు ఆ ఇంట్లో వంటపని దొరికింది. దొరసానికి తెలుగు నేర్పే పనీ ఆమె మీదే పడింది. బల్లా లేదు, పలకా లేదు. జీవమ్మ చేటలో బియ్యం ఏరుతుంటే దొరసాని గడప మీద గొంతుక్కూర్చుని ఒక్కొక్క మాటా అడిగేది. ఆ తెల్లమ్మ నోట సీమ యాస వింటుంటే పాలవాడు బిందె దించడం మరిచిపోయేవాడు.

ఒకరోజు దొరసాని అడిగింది. "జీవమ్మా, నీ మొగుని పేరేంది?"

జీవమ్మ తల వంచుకుంది. "బైబిల్లో లేడామ్మా, ఒళ్లంతా కురుపులు లేసిన భక్తుడు. ఆ పేరే."

"యోబు?"

"ఆఁ, అదే. మేం పలకం. పెండ్లాం మొగుని పేరు పలికితే ఆయప్పకు ఆయుస్సు తగ్గుతాది. ఆయప్ప అంటాం, మా ఇంటాయన అంటాం. పేరు మాత్రం పలకం."

"వదిలేసి పోయినాడు గదా?"

"యాడికి పోయినా మొగుడు మొగుడే గదమ్మా."

దొరసాని ఆ రాత్రి భోజనం దగ్గర దొరకు ఈ సంగతి చెబితే ఆయన పడీ పడీ నవ్వాడు. "అంటే నా మీద కోపం వస్తే నువ్వు దినమంతా నా పేరే పిలుస్తావు" అన్నాడు. తనకొచ్చిన ముక్కల తెలుగులో జీవమ్మకూ అది చెప్పి మళ్లీ నవ్వాడు. దొరసాని "హ్యూ, హ్యూ, హ్యూ" అని వరసగా పిలిచింది, ఆయన గుండె పట్టుకుని కుర్చీలో వాలిపోయినట్టు నటించాడు. వడ్డిస్తున్న జీవమ్మ లెంపలేసుకుంది. నవ్వులకు కూడా హద్దుండాలని ఆమెకు అనిపించింది. కానీ ఆ ఇల్లంటే ఆమెకు ఇష్టం. మొగుడూ పెండ్లాం ఒక బల్ల దగ్గర కూర్చుని నవ్వుకుంటూ తినడం ఆమె అంతకుముందు చూడలేదు.

ఆ తర్వాత వాళ్ల పాత స్నేహితుడు డేనియల్ వచ్చాడు. ఇటలీలో ముగ్గురూ ఒకే ఇంట్లో ఉన్నారట. సన్నగా, తక్కువ మాటలతో ఉండే మనిషి. రాతితో బొమ్మలు చెక్కుతాడు. ఆళ్లగడ్డ శిల్పుల గురించి విని, అక్కడ ఆదినారాయణాచారి ఇంటి ఎదుట ఒక గది తీసుకుని, ఆయన దగ్గర ఉలి పట్టడం మొదలుపెట్టాడు. ఆ వీధివాళ్లు అతన్ని రాళ్ల దొర అనేవాళ్లు. జీవమ్మకు మాత్రం అతని పేరు సులువుగా నోటికొచ్చింది. దానియేలు బైబిల్లోవాడే గదా.

దొరసాని కూడా ఆళ్లగడ్డ పోవడం మొదలుపెట్టింది. అహోబిలం కొండల బొమ్మలు, చెక్కేవాళ్ల చేతుల బొమ్మలు పెన్సిల్‌తో గీసుకునేది. ఆడమనిషి ఒంటరిగా బస్సులో పోతే బాగుండదని దొరే జీవమ్మను తోడు పంపేవాడు. మొదట్లో దొరసాని నోట్లో రోజంతా డేనియల్ పేరే. డేనియల్ అన్నం తినడు, డేనియల్ చొక్కాకు గుండీ లేదు, డేనియల్ నవ్వినాడు ఈ పొద్దు. జీవమ్మ పట్టించుకోలేదు.

అట్లా పోతుండగా ఒకరోజు, బస్సు నల్లరేగడి చేల మధ్య దడదడలాడుతూ పోతోంది. దొరసాని ఒళ్లో టిఫిను గిన్నె పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ, తనలో తాను అనుకున్నట్టు అంది.

"ఆయప్ప తిన్యాడో లేదో."

"దొర తిన్యాడు గదమ్మా. నేనే పెట్టి వచ్చినా" అంది జీవమ్మ.

దొరసాని మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవులదాకా పాకింది. ఆయప్ప అన్నది దొరను కాదని జీవమ్మకు అప్పుడు తెలిసింది. ఓరి దేవుడా, ఈ మాట నేర్పింది నేనే గదా!

అప్పటినుంచి జీవమ్మ చెవులు రెండూ ఆ పేరు కోసమే కాచుకున్నాయి. దొరసాని మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తూనే ఉంది, వాకిట్లోంచి, పెరట్లోంచి, గొంతెత్తి. డేనియల్ పేరు మాత్రం ఆ నోట్లోంచి మాయమైపోయింది. "ఆళ్లగడ్డలో ఎట్లుందో" అనేది. "వచ్చినారా?" అనేది, ఎవరని చెప్పకుండా. భోజనం దగ్గర దొర డేనియల్ పేరెత్తితే ఆమె చెంచా కింద పెట్టి నీళ్లు తాగేది. ఆళ్లగడ్డలోనైనా తప్పుపట్టడానికి ఏమన్నా దొరికిందా? ఏమీ లేదు. అతను రాయి చెక్కుతుంటాడు, ఆమె దూరంగా కూర్చుని గీసుకుంటుంటుంది. చెయ్యి చెయ్యి తగిలింది లేదు. చూసేవాళ్లకు పిసరంత ఆధారం లేదు. ఆ పేరు పలకకపోవడం తప్ప. అది కూడా వినేవాళ్లకు మన మర్యాద తెలిసుంటేనే అర్థమవుతుంది. దొరకు తెలుసు. ఆయనకు చెప్పింది దొరసానే.

జీవమ్మకు తిండి సయించలేదు. ఒక ఇల్లు కూలిపోతుందని ఆమెకు ఒక్కదానికే తెలుసు. దాన్ని నిలబెట్టాలంటే ఎవరూ ఏమీ అనకూడదు, అంతే. కొన్నాళ్లు పోతే గాలి తిరుగుతుంది, రాళ్ల దొర రాళ్లు మోసుకుని తన దారిన పోతాడు, ఈ పిల్ల తిరిగి బల్ల దగ్గర కూర్చుని నవ్వుతుంది. అదే ఆమె ఆశ.

ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ, చేటలోంచి తల ఎత్తకుండా అంది. "అమ్మా, దానియేలు దొరను పేరు పెట్టి పిలవండి. ముందర మాదిరే."

దొరసాని చేటలోంచి ఒక వడ్లగింజ ఏరి పక్కన పెట్టింది. "నోటికి రావడంలేదు జీవమ్మా" అంది చివరికి.

"రాకపోయినా తెచ్చుకోల్ల. పేరు పలికితే ఏమీ కాదు. పలక్కపోతేనే అయితాది."

"తెలుసు" అంది దొరసాని. లేచి లోపలికి పోయింది. ఇద్దరి మధ్యా ఈ విషయం మీద జరిగిన మాటలు ఇంతే.

ఎండలు ముదిరాక ఆదినారాయణాచారి కొడుకు పెళ్లి వచ్చింది. చారి తానే నంద్యాల వచ్చి దొరవాళ్లను పిలిచాడు. వద్దనడానికి జీవమ్మ ఎన్నో సాకులు వెతికింది, ఎండన్నది, బస్సులో జనమన్నది. దొర వినలేదు. పెళ్లి బొమ్మ గీయాలని ఆయన ఉబలాటం. దొరసాని చిలకాకుపచ్చ చీర కట్టుకుంది. చీర కట్టింది జీవమ్మే. కడుతూ కూడా ఎండ సంగతి మళ్లీ ఎత్తింది.

ఆళ్లగడ్డలో తాళి కట్టడం అయ్యింది, కొత్త కోడలు అత్తగారింటి గడప దగ్గరికి వచ్చింది. మన ఇళ్లలో జరిగేదే, పేరు చెప్పందే లోపలికి రానివ్వరు. గడపకు అడ్డంగా నిలబడింది ఆదినారాయణాచారి చెల్లెలు ఉమామహేశ్వరమ్మ. ఆమె నోటికి ఆ వీధి వీధంతా హడల్. "చెప్పు! మా వాడి పేరు చెప్పు. లేకుంటే పందిట్లోనే పండుకో" అని ఆమె ఒకటే అల్లరి. కొత్తపిల్ల చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తల దించుకుని, కందిపోయి, ఎంతకో గొంతు పెగల్చుకుని గుసగుసగా చెప్పింది. ఆడవాళ్లు ఘొల్లుమన్నారు.

జీవమ్మ పందిరి చివర నిలబడి చూస్తోంది. ఆ ఇంటి అరుగు ఆమె ఎక్కకూడదు. దొరవాళ్లు భోజనానికి లేచారు. దొర, పక్కన దొరసాని, వెనక డేనియల్. గడప ఇంకా ఉమామహేశ్వరమ్మ చేతుల్లోనే ఉంది. చేతికి చిక్కినవాళ్లను వదిలే మనిషా ఆమె!

"ఏమమ్మో దొరసానీ! మీ దేశంలో ఏం చేస్తారో నాకు తెల్దు. ఈ గడప దాటల్లంటే మొగుని పేరు చెప్పల్సిందే!"

"హ్యూ" అంది దొరసాని. తడుముకోలేదు, సిగ్గుపడలేదు. అంగట్లో ఉప్పు అడిగినంత మామూలుగా అనేసింది.

"ఓసి దీని పాడుగాను! ఇంత సులభంగానా?" అని ఉమామహేశ్వరమ్మ నుదురు కొట్టుకుంది. ఆడవాళ్లు నవ్వారు, దొర కూడా నవ్వాడు. ఆమె దారి ఇవ్వబోయి మళ్లీ ఆగింది. "ఇదో, ఇంకొకటి. మా రాళ్ల దొర ఇన్నాళ్లుగా మా ముంగిట్లోనే ఉన్యాడు గానీ ఆయన పేరు మాకు నోరు తిరగదు. నువ్వు సక్కగా చెప్తావ్. ఏంది ఆ పేరు?"

ఇందులో కల్మషం లేదు. ఊరికే అడిగింది, అంతే.

దొరసాని నోరు తెరిచింది. మాట రాలేదు. మెడ ఎర్రబడింది, చెవులు ఎర్రబడ్డాయి. తల వంగింది. ఆమెకు తెలియకుండానే చెయ్యి లేచి చీరకొంగును నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంతకుముందు అదే గడప మీద కొత్త పెళ్లికూతురు ఎట్లా నిలబడిందో అట్లాగే నిలబడింది.

ఎవరో కిసుక్కున నవ్వబోయి ఆపుకున్నారు. ఉమామహేశ్వరమ్మ మొహంలో నవ్వు అట్లాగే ఆగిపోయింది. డేనియల్ నేల చూస్తున్నాడు. దొర భార్య మొహం చూస్తున్నాడు.

జీవమ్మ ఓర్చుకోలేకపోయింది. పందిరి చివరి నుంచి గొంతు చించుకుని అరిచింది. "దానియేలు! దానియేలమ్మా ఆ దొర పేరు! సింహాల గుంతలో వేసినారే, ఆ దానియేలు!"

అందరూ వెనక్కి తిరిగి ఆమెను చూశారు. ఆమెను ఎవరడిగారు? బయట నిలబడ్డ వంటమనిషి అంత గాబరాగా ఎందుకు అరవాలి? దొర కూడా తిరిగి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. లెక్క తెలిసిపోయిన మనిషి చూపు అది. అయ్యో, నా నోరే గదా పట్టించింది అని జీవమ్మ గుండె చెరువైంది.

"రాండి, రాండి, అన్నాలు చల్లారిపోతాండాయి" అంటూ ఉమామహేశ్వరమ్మ గబగబా పక్కకు తప్పుకుంది. నోరు ఎంత పెద్దదైనా మంచిమనిషి. ముగ్గురూ లోపలికి పోయి, వరసగా కూర్చుని, పెట్టినదంతా తిన్నారు. తిరుగు బస్సులో దొర ముందు సీట్లో కూర్చున్నాడు. నంద్యాల వచ్చేదాకా ఆయన తల ఇటు తిరగలేదు.

మర్నాడు పొద్దున పొయ్యి వెలిగిస్తుంటే దొర వంటింట్లోకి వచ్చాడు. ఆయన ఆ గదిలోకి ఎన్నడూ రాడు. గోడకు ఆనుకుని నిలబడి, మాటలు ఏరుకుంటూ అడిగాడు.

"జీవమ్మా. నీవు నేర్పినావు. పేరు పలకకూడదు అని. నిన్న ఆమె ఎందుకు పలకలేదు?"

జీవమ్మ చేతిలో పుల్ల ఆరిపోయింది. నిజం చెబితే ఈ ఇల్లు తన నోటితో పోతుంది. డోన్ ప్లాట్‌ఫారం కళ్లముందు మెదిలింది. అబద్ధం చెబితే ఆదివారం ఆ రొట్టెకు చెయ్యి ఎట్లా చాపేది? ఇన్నేళ్లుగా దాచుకున్నది ఆ ఒక్కటే గదా.

"ఎండకు తల తిరిగింది దొరా" అంది. "పొద్దున్నుంచి ఏమీ తిన్లేదు. అంతే."

"అంతేనా?"

"అంతే. దేవునితోడు."

ఒట్టు కూడా పెట్టేసింది. దొర గట్టిగా ఊపిరి వదిలాడు. భుజాలు దిగాయి. "సరే, మంచిది" అన్నాడు. ఆయన మొహం తేటపడటం జీవమ్మ చూసింది. పోనీలే, నా నోరు పోతే పోయింది, ఇల్లు నిలిచింది అనుకుంది.

అప్పుడు పెరటి తలుపు దగ్గర అలికిడైంది. దొరసాని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో!

"జీవమ్మ అబద్ధం చెప్తాంది" అంది తెలుగులోనే. "నన్నడుగు హ్యూ."

దొర ఆమె వైపు తిరగలేదు. "నిన్ను అడిగితే నీవు నిజం చెప్తావు" అన్నాడు. "అందుకే ఈమెను అడిగినాను."

ఇక జీవమ్మ అక్కడ నిలబడలేక బిందె తీసుకుని బావి దగ్గరికి పోయింది. లోపల ఇంగ్లీషులో మాటలు వినబడుతున్నాయి, తగ్గు గొంతులతో. అరుపుల్లేవు, ఏడుపుల్లేవు, గిన్నె పగిలింది లేదు. మన ఇళ్లల్లో అయితే ఈపాటికి వీధి వీధంతా గుమిగూడేది. ఇట్లా మెల్లగా మాట్లాడుకుంటూ కొంప ముంచుకోవడం ఆమె ఎరగదు. అరిస్తేనన్నా బాగుండు అనిపించింది.

కొంతసేపటికి దొరసాని బావి దగ్గరికి వచ్చి గట్టు మీద కూర్చుంది. గుంతకల్లు బండికి పోతున్నానంది. ఎవరితోనో చెప్పలేదు.

జీవమ్మకు ఒళ్లు మండిపోయింది. "దేవునితోడని ఒట్టేసినా తల్లీ! దొర నమ్మినాడు! నా నోరు పాడుచేసుకుని ఇల్లు నిలబెడితే ఒక్క క్షణంలో తన్నేస్తివి. నీ సొమ్మేం పోయింది, నోరు మూసుకునింటే?"

"నమ్మినాడు జీవమ్మా" అంది దొరసాని. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. "నువ్వు చెప్తే నమ్ముతాడు. ఎన్నేండ్లైనా నమ్ముతాడు. నాకు భయమేసింది అందుకే. అన్నేండ్లూ నేను ఆ అబద్ధంలోనే బతకల్ల."

జీవమ్మ మొహం తిప్పుకుని నీళ్లు చేదింది. ఆ పిల్లను కొట్టాలనీ ఉంది, దగ్గరికి తీసుకోవాలనీ ఉంది. రెండూ చేయలేదు. బండి వేళకు సంచి మాత్రం తానే స్టేషన్‌దాకా మోసింది.

దొర తొలకరిదాకా ఉన్నాడు. కొండల బొమ్మ పూర్తిచేశాడు, దాన్ని చుట్టుకుని మద్రాసు బండెక్కాడు. బంగళాకు తాళం పడింది. ఊరికి నోరు లేస్తుంది గదా! ఏమైంది జీవమ్మా, దొరసాని ముందు పోయిందంటనే, రాళ్ల దొర కూడా లేడంటనే, అని వచ్చి కూర్చున్నవాళ్లే అందరూ. జీవమ్మ అందరికీ ఒకే మాట చెప్పింది. "వాళ్లకు మన నీళ్లు పడలేదు." ఎన్నడూ అబద్ధమాడని మనిషి గనక ఊరు నమ్మింది. దొరసాని పేరు నంద్యాలలో ఎవరి నోటా నలగలేదు.

ఆ ఒట్టు పెట్టిన వారం నుంచి జీవమ్మ ప్రభు భోజనానికి లేవడం మానేసింది. గుడికి వస్తుంది, పాటలు పాడుతుంది, అందరూ ముందుకు పోయే వేళకు వెనక చాప మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోతుంది. తప్పు ఒప్పుకుని ముందుకు పోవచ్చు. కానీ ఒప్పుకోవాలంటే తానాడిన అబద్ధమేదో పాదిరికి చెప్పాలి, అది చెబితే అంతా చెప్పినట్టే. ఏళ్లు గడిచాయి, పాదిరి మారాడు. కొత్తగా వచ్చిన జ్ఞానప్రకాశం అయ్యగారు కొన్ని వారాలు చూసి, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె దగ్గరికే వచ్చి నిలబడ్డాడు.

"ఎందుకమ్మా వెనకే కూర్చుంటావు? ఆ దొరలు పోయినప్పటినుంచీ ఇట్లే ఉన్నావంట. ఏమన్నా ఉంటే చెప్పేసెయ్. మనసు తేలికైతాది, వచ్చే వారం ముందుకు వద్దువు."

"చెప్పేదానికేముందయ్యగారూ" అంది జీవమ్మ. "వాళ్లకు నీళ్లు పడలేదు."

"అంత తేట మహానంది నీళ్లు పడనోళ్లుంటారా జీవమ్మా?"

"ఉంటారయ్యగారూ" అని, చాప చుట్టి చంకన పెట్టుకుని, ఆమె ఇంటికి నడిచింది. తర్వాతి ఆదివారమూ వెనకే కూర్చుంది.